కొంగ తురాయి



మనవారు కొంగకు మంచిపేరు పెట్టలేదు. కొంగజపమనిన దొంగజపమని అర్థము. నేనును ముప్పదియైదేండ్లు పిల్లలకు ఆ మాట నట్లే బోధించితిని. ఉద్యోగము చాలించిన పిమ్మట, సూళ్లూరుపేటకు సమీపముననున్న నేలపట్టు చెరువు గట్టున ఒక ఉదయము కూర్చుండి చూచితిని. కొంగ ఒంటికాలిపై నిలిచియుండుట నిజమే. కాని చిన్న తెల్లకొంగ యున్నదే, అది తన పసుపుపచ్చని వ్రేళ్లతో బురదను కదలించి చేపలను బెదరించి పట్టును. అది జపము గాదు, కృషి. ఆ దినముననే దాని చరిత్ర యేమో తెలిసికొనవలెనను బుద్ధి నాకు పుట్టినది.

గూడుకట్టు దినములందు తెల్లకొంగ వీపున జాలరువంటి సన్నని యీకలు మొలచును. పందొమ్మిదవ శతాబ్దాంతమున పారిసు, లండను, న్యూయార్కు నగరముల స్త్రీలకు అవి టోపీలపై తురాయిలైనవి. తక్కిన కాలమున ఆ యీకలుండవు గనుక వేటకాండ్రు గూళ్లయొద్దనే తల్లిపక్షులను కాల్చిరి. గూళ్లలోని పిల్లలు నోళ్లు తెరచుకొని ఆకలికి చచ్చినవి. తురాయి యొక్కటి, ప్రాణములు నాలుగైదు! ఒక దశయందు ఆ యీకలు తూకమునకు బంగారమును మించిన వెల పలికినవి. మన దేశపు రేవులనుండియు ఈకలు ఓడలెక్కినవి. 1902లో ఇండియా ప్రభుత్వము ఆ యెగుమతిని నిషేధించెను. ఇంగ్లండులో 1889లో కొందరు స్త్రీలే సంఘముగా కూడి ఈ అలంకారము వలదని పోరాడిరి. దిగుమతిని మాన్పు శాసనము వచ్చుటకు 1921 వరకు పట్టినది. అమెరికాలో 1903వ సంవత్సరము మార్చి 14వ తేదీన అధ్యక్షుడు రూజ్వెల్టు ఫ్లారిడా తీరమునందలి పెలికన్ ద్వీపమును పక్షులకు విడిచెను. ఆ దేశపు కేంద్రప్రభుత్వము పక్షులకై కేటాయించిన తావులలో అదియే మొదటిది.

తుపాకి పట్టిన చేతులు కొన్ని కెమేరా పట్టినదియు ఇంచుమించు ఆ కాలముననే. ఇంగ్లండున యార్కుషైరు పల్లెలో పుట్టిన కీర్టన్ సోదరులు 1892 మొదలు పక్షిగూళ్ల ఛాయాచిత్రములు తీసిరి. పక్షి బెదరకుండుటకై వారు బోలుగా చేసిన ఎద్దుబొమ్మలో దూరి కూర్చుండిరట! దూడ చచ్చిన ఆవును చేపించుటకు తోలులో గడ్డికుట్టి నిలుపుట యెరిగిన మనకు ఇది వింతగాదు.

పులికాటు సరస్సును, నేలపట్టును 1976లో పక్షిరక్షణ స్థలములుగా ప్రకటించిరి. నేలపట్టు చెరువు నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకొంగలు ఈశాన్య ఋతుపవనపు వానల తరువాత గూళ్లు కట్టును. ఆ ప్రకటనకు పూర్వమే ఆ పల్లెవారు వానిని కాపాడుచుండిరి. రెట్టలు కలసిన చెరువునీరు పైరుకు ఎరువగునని వారికి తెలియును. పులికాటు మాటయా, శ్రీహరికోట దారిన నిలిచిన చాలు, తల క్రిందుచేసి మేయు రాజహంసలు కనబడును. సముద్రపు ముఖద్వారములు ఇసుకతో పూడిన యేట నీరు తగ్గి, పక్షులు దూరముగా జరుగును.

ఇక నా తప్పు చెప్పవలెను. నేలపట్టునకు నాతో వచ్చిన మా మేనల్లునికి కెమేరా యున్నది. ఎగురుచున్న కొంగల చిత్రము కావలెనని అతడు రెండు గడియలు వేచెను. అవి ఎగురవు. నేను జాలిపడి రెండు చేతులు చరచితిని. చెట్టంతయు ఒక్కసారి లేచినది. చిత్రము దివ్యముగా వచ్చినది. ఇంతలో ఖాళీపడిన గూటిపై ఒక కాకి వ్రాలి గ్రుడ్డు నెత్తుకొని పోయెను.

గట్టుమీద మేకలు కాయుచున్న ముదుసలి యొకడు నావైపు చూచి, "అయ్యోరా, పిల్లోళ్లకు బుద్ధి చెప్పేవాళ్లు మీరే చప్పట్లు కొడితే ఎట్టా?" అనెను. నాకు మాట పెగలలేదు. తురాయికై గూటియొద్ద తల్లిని లేపినవాని కథ అంతవరకు పరదేశపు కథ యనుకొంటిని.

మేనల్లుడు ఆ చిత్రమును ఎవరికిని చూపలేదు. మరుసటి యేడు మేమిరువురమును తెల్లవారకముందే పోయి, చింతచెట్టు నీడను కదలక కూర్చుంటిమి. ఎండ నెత్తికెక్కువేళకు ఒక కొంగ తనంతట తానే గూడు దిగి, మాకు ఇరువదడుగుల దూరమున బురద కదలించుచు నడచినది. మేకల ముదుసలి ఆ యేడును గట్టుమీదనే యుండెను. మమ్ము చూచి, తన మేకలను అవతలి గట్టునకు తోలుకొని పోయెను.