నక్కవాగు పరీవాహకంలో ‘ఎద’: పాడి పదజాలం, లెక్కకు రాని నష్టం

పటాన్‌చెరు ప్రాంత చరిత్ర ఎక్కువగా కర్మాగారాల చరిత్రగానే రచితమైంది. 1970లలో వచ్చిన పారిశ్రామికవాడ, ఇస్కవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసిన వ్యర్థజలాలు, 1990లో సుప్రీంకోర్టుకు చేరిన రిట్ పిటిషన్, 1994లో మొదలైన ఉమ్మడి శుద్ధికేంద్రం అందులోని ముఖ్య ఘట్టాలు. ఆ వాగుల ఒడ్డున మేసిన ఆడపశువుల ఋతుచక్రానికి ఈ చరిత్రలో చోటెక్కడ అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఆవుకైనా బర్రెకైనా ఎద సుమారు 21 రోజులకొకసారి వస్తుంది. ఆవు అరిచి, తోటి పశువులపైకెక్కి ఆ సంగతి తెలుపుతుంది. బర్రెలో ఈ లక్షణాలు అంతగా బయటపడవు; ఎండాకాలంలో అది తరచుగా మూగ ఎదే. తెల్లవారుజామున కొట్టంలో తీగను గమనించే మనిషి, చాలాసార్లు ఇంటి ఆడమనిషి, ఏమరితే మూడు వారాలు పోయినట్టే. బర్రె సుమారు 310 రోజులు మోస్తుంది. ఏడాదికొక ఈత కావాలంటే ఈనిన రెండు నెలల లోపే అది మళ్ళీ సూడి కట్టాలి. వరుసగా రెండు మూడు ఎదలు తప్పితే ఆ ఇంటి పాడి లెక్క తలకిందులవుతుంది.

ఈ లెక్క తెలిసిన సమాజమే దానికి మాటలు కూర్చుకుంది. అమరకోశం వైశ్యవర్గంలో ఎదకు సిద్ధమైన ఆవు ఉపసర్య, ఆబోతు దాటినది సంధిని, ఒక్కసారి ఈనినది గృష్టి, ఏటేటా ఈనేది సమాంసమీన. ధేనువు అంటే కొత్తగా ఈనిన ఆవు. నేడు ఏ ఆవునైనా అలా అనేస్తున్నాం. నష్టానికీ పేర్లున్నాయి: గర్భం జారినది అవతోక, గొడ్డుటావు వశ. తెలుగు రైతు వాడుకలోనూ తిరిగి పొర్లడం, ఈసుకుపోవడం, వట్టిపోవడం వేర్వేరు సంగతులు. (ఆంగ్లేయుడైన వాల్టర్ హీప్ 1900లో స్థిరపరచిన ‘ఈస్ట్రస్’ అనే శాస్త్రపదానికి మూలం గ్రీకులో జోరీగ పేరు. మన మాటలు పశువు ఉద్రేకం దగ్గరే ఆగక, దాని ఫలితాన్నీ వెంబడిస్తాయి.)

న్యాయస్థానంలో రైతుల పరిహారం ఎకరాల లెక్కన తేలింది. పాడైన పొలాన్ని కొలవవచ్చు, చచ్చిన పశువును చూపవచ్చు. ఎదకు రాని బర్రె మాత్రం ఏ ఆనవాలూ మిగల్చదు. ప్రతి గొడ్డు బర్రెకూ వాగునే కారణం చేయడం శాస్త్రీయం కాదు. మేత కొరత, ఖనిజ లోపం, ఎండ కూడా ఎదను అణచివేస్తాయి. అయినా 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనంలో శుద్ధికేంద్రం వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది కనుక, నీటిని అనుమానితుల జాబితా నుంచి తప్పించలేం.

కాబట్టి ఇక్కడ మౌఖిక చరిత్ర సేకరించేవారు “పాలు తగ్గాయా?” అని అడిగి ఊరుకోరాదు. ఫలానా బర్రె ఎన్ని ఈతలు ఈనింది, ఏ ఈతకూ ఏ ఈతకూ మధ్య ఎన్నేళ్ళ ఎడం, ఎప్పుడు ఈసుకుపోయింది అని వరుసగా చెప్పించాలి. పాడి చూసిన ముసలమ్మలకు సంవత్సరాలు గుర్తుండకపోవచ్చు. దుడ్డెల వరుస గుర్తుంటుంది.