కేజీఎఫ్ బంగారం మట్టిలోంచి ఎలా వచ్చింది? సైనైడ్ అసలు కథ

కేజీఎఫ్ అనగానే మీకు సినిమా గుర్తొస్తుంది కదా. ఇవాళ మనం హీరో గురించి కాదు, అక్కడి తెల్లటి మట్టి దిబ్బల గురించి మాట్లాడుకుందాం. నేను బీటెక్‌లో కెమిస్ట్రీ జస్ట్ పాస్ కోసమే చదివాను. కానీ ఈ కథ తెలిశాక ఆ సబ్జెక్ట్ మీద గౌరవం పెరిగింది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ కోలార్‌లో అడుగుపెట్టింది. అప్పట్లో పద్ధతి ఏంటంటే, రాయిని పిండి చేసి, నీళ్లతో కలిపి పాదరసం పూసిన రాగి పలకల మీద పారించేవాళ్లు. బంగారం పాదరసానికి అతుక్కునేది. కానీ బాగా సన్నటి రేణువులు అతుక్కోకుండా నీళ్లతో పాటు కొట్టుకుపోయేవి.

1887లో గ్లాస్గోలో మెకార్థర్ అనే కెమిస్ట్, ఫారెస్ట్ అనే ఇద్దరు అన్నదమ్ముల డాక్టర్లతో కలిసి ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఐడియా సింపుల్. యాసిడ్‌లకు కూడా ఒక పట్టాన లొంగని బంగారం, గాలిలోని ఆక్సిజన్ తోడుంటే పలచటి సైనైడ్ నీళ్లలో కరిగిపోతుంది. ఫిల్టర్ కాఫీ డికాషన్ దిగినట్టే అనుకోండి. పొడి పైన ఉండిపోతుంది, సారం కిందకు దిగుతుంది. ఆ నీళ్లలో జింక్ వేస్తే, జింక్ కరిగి బంగారం బయటపడుతుంది. విషవాయువు పుట్టకుండా సున్నం కలుపుతారు.

ఈ పద్ధతి కోలార్‌కీ వచ్చింది. ఉత్తర ఆర్కాట్, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తమిళ, తెలుగు కూలీలు మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగి రాయి తవ్వారు. 2001లో గని మూతపడే నాటికి సుమారు 800 టన్నుల బంగారం బయటికొచ్చింది.

డికాషన్ వెళ్లిపోయింది. మరి పొడి? అదే ఆ దిబ్బలు. మూడు కోట్ల టన్నులకు పైనే ఉంటుంది. గాలి వీస్తే ఆ దుమ్ము గని కార్మికుల పిల్లలు, మనవళ్లు ఉండే ఇళ్ల మీదే పడుతుంది.

ట్విస్ట్ ఏంటంటే, ఆ మట్టిలో ఇంకా కొంచెం బంగారం మిగిలే ఉంది! 13 దిబ్బలను మళ్లీ తవ్వే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక కేబినెట్ ఓకే చెప్పింది. మట్టిలోంచి బంగారం తీయడం కెమిస్ట్రీకి తెలుసు. వచ్చిన దాంట్లో ఆ ఊరికి ఎంత ఇవ్వాలో మాత్రం కెమిస్ట్రీ చెప్పదు. అది మనుషులే తేల్చాలి.

ఈసారైనా తేలుస్తారంటారా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!