కషాయం

జలుబు చేస్తే అల్లం, మిరియాలు, తులసి వేసి కాచేది కషాయం. సంస్కృతంలో ఈ మాటకు వగరు అనే అర్థమూ ఉంది. ఆరు రుచుల్లో అదొకటి. బెరడు కాచిన కషాయంలో ముంచి తీసిన బట్ట కాషాయం అయింది. మందు, రుచి, రంగు ఒకే మాటలో ఇమిడిపోయాయి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మెట్టనేలల్లో తంగేడు బాగా పెరుగుతుంది. దాని బెరడుతో తోళ్లు పదును చేసేవారు. ఆ పని చేసేవి టానిన్లు. నాలుకకు వగరు తగిలేదీ వాటివల్లే. రసాయన శాస్త్రవేత్తలు ఇప్పుడు తంగేడాకు కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలుపుతున్నారు. అందులోని పాలీఫినాల్స్ వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లిచ్చి లోహంగా మారుస్తాయి; పుట్టిన రేణువులు ముద్దకట్టకుండా వాటిచుట్టూ పొరగా అంటుకుంటాయి. రంగులేని ద్రావణం లేత పసుపై, చివరకు చిక్కటి గోధుమరంగుకు తిరుగుతుంది. వెండి తెల్లగా మెరవాలి కదా! నానోమీటర్ల సైజులో అది కాంతిని పీల్చే తీరే వేరు.

ఈ రేణువులు మంచి ఉత్ప్రేరకాలు. మిథిలీన్ బ్లూ అనే అద్దకపు రంగు కలిపిన నీళ్లలో సోడియం బోరోహైడ్రైడ్‌తో పాటు వీటిని కాసిన్ని వేస్తే నీలం చూస్తుండగానే పోతుంది. పట్టునూలుకు రంగులద్దే ధర్మవరానికి అద్దకం నీళ్ల శుద్ధి చిన్న విషయం కాదు. అయితే బోరోహైడ్రైడ్ విషపదార్థమే. ఆకు వాడినంత మాత్రాన పద్ధతంతా హరితమైపోదు. పైగా నేల, కాలం మారితే కషాయంలో పాలీఫినాల్స్ పాళ్లూ, దాంతో రేణువుల సైజూ మారతాయి. మూలికలు ఏ ఋతువులో సేకరించాలో చరకసంహిత చెప్పినట్టే, ప్రయోగశాలలోనూ ఆకు కోసిన నెల రాసిపెట్టుకోవాలి.