డిక్సీ: ఒక అరువు కారు చరిత్ర

బి.ఎం.డబ్ల్యు. అనగానే ధనికుల వాకిళ్లలో నిలిచే ఖరీదైన కారు మనకు స్ఫురిస్తుంది. ఆ పేరుతో మొట్టమొదట రోడ్డెక్కిన కారు 747 ఘన సెంటీమీటర్ల ఇంజనుగల బుల్లి బండి అనీ, అదీ సొంతము కాదనీ, ఇంగ్లీషువారి లైసెన్సు మీద కట్టినదనీ చెబితే మాలో కొందరు మొదట నమ్మలేదు. అందుచేతనే ఈ ఉగాది సంచికకు ఈ కథ వ్రాయుచున్నాము.

మూలము ఇంగ్లండులో వున్నది. 1921లో ఆస్టిన్ కంపెనీ అప్పుల్లో మునిగి వున్నది. హెర్బర్ట్ ఆస్టిన్ చిన్న కారు కట్టుదామంటే డైరెక్టర్లకు రుచించలేదు. ఆయన పట్టు వదలలేదు. స్టాన్లీ ఎడ్జ్ అనే పద్దెనిమిదేండ్ల కుర్రవానిని, కంపెనీలో నక్షాలు గీసేవానిని, తన ఇంటికి పిలిపించి, బిలియర్డ్సు గదిలో కూర్చోబెట్టి ప్లానులు గీయించినాడు. సొంత డబ్బు పెట్టినందుకు కారుకు రెండు గినీల చొప్పున రాయల్టీ కూడ పుచ్చుకొన్నాడు! 1922లో 'ఆస్టిన్ సెవెన్' వెలువడినది. నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాలకూ బ్రేకులు. పెద్ద కారులో వుండవలసినవన్నీ చిన్న కొలతలో అమర్చినారు. సైడుకారు తగిలించిన మోటారు సైకిలు మీద ఆలుబిడ్డలతో వానకు తడిసే గృహస్థునికి ఇది వరమే అయినది.

ఇక జర్మనీలో ఐసెనాఖ్ అనే ఊరు. సంగీత విద్వాంసుడు బాఖ్ 1685లో పుట్టినది అక్కడే. ఊరి పైనున్న వార్ట్‌బర్గ్ కోటలో తలదాచుకొని మార్టిన్ లూథర్ కొత్త నిబంధనను గ్రీకు నుండి జర్మనులోనికి తెచ్చినాడు. ఆ ఊరిలో 1896లో హైన్రిఖ్ ఎర్హార్ట్ వాహనాల ఫ్యాక్టరీ పెట్టినాడు. దాని తొలి కారు కూడ ఫ్రాన్సులోని దెకోవిల్ కంపెనీ లైసెన్సు మీద కట్టినదే. 1904 నుండి ఫ్యాక్టరీ కార్లకు 'డిక్సీ' అని పేరు. లాటినులో 'నేను చెప్పితిని' అని అర్థము. ఇక మారుమాట లేదన్నమాట.

కాని మారుమాట కాలము చెప్పినది. మొదటి మహాయుద్ధము, దాని వెంట ద్రవ్యోల్బణము జర్మనుల సంచులు ఖాళీ చేసినవి. డిక్సీవారి పెద్ద కార్లు కొనేవారు కరువైనారు. 1927లో వారు ఆస్టిన్ సెవెన్ లైసెన్సు తెచ్చుకొన్నారు. మొదటి వంద బండ్లు ఇంగ్లండు నుండి వచ్చిన భాగాలతోనే, కుడిచేతి స్టీరింగుతోనే తయారైనవి. తరువాత స్టీరింగు ఎడమకు మారినది. కారు బాగానే అమ్ముడుపోయినది గాని అప్పు తీరలేదు.

1928లో బి.ఎం.డబ్ల్యు. ఆ ఫ్యాక్టరీని లైసెన్సుతో సహా కొన్నది. విమానాల ఇంజన్లు, మోటారు సైకిళ్లు చేసే ఆ కంపెనీకి కారు కట్టిన అనుభవము లేదు. 1929 జూలైలో ఉక్కు బాడీ తొడిగి, తన ముద్ర వేసి అమ్మినది. ఆ యేడే ఆల్ప్స్ పర్వతాల పందెములో ఆ బుల్లి కార్ల జట్టు గెలిచినది. 1932లో లైసెన్సుకు స్వస్తి చెప్పినది. 1933లో సొంత ఆరు సిలిండర్ల కారును తెచ్చినది.

దీనిని కాపీ అనేవారు లేకపోలేదు. మేము ఒప్పుకోము. సంస్కృతము నుండి వచ్చిన భారతాన్ని నన్నయగారిది కాదని మనమెవరమైనా అంటామా? అయితే లైసెన్సు దానంతటది విద్య నేర్పదు. మారిస్ ఆక్స్‌ఫర్డు నుండి వచ్చిన మన అంబాసిడరు 1957 నుండి 2014 దాకా దాదాపు అదే రూపములో నడిచినది. దాని మీద మాకు మమకారము లేకపోలేదు. అయినా ఐసెనాఖ్‌వారి నాలుగైదేండ్లు తలచుకొంటే కొంచెము సిగ్గు వేయుచున్నది.

రెండవ యుద్ధము తరువాత ఐసెనాఖ్ తూర్పు జర్మనీలో పడినది. అక్కడ 1956 నుండి 1991 వరకు వార్ట్‌బర్గ్ కార్లు కట్టినారు. మ్యూనిక్‌లో మిగిలిన బి.ఎం.డబ్ల్యు. మరల పైకి వచ్చి, ఆస్టిన్ వారసత్వము చేరిన రోవర్ కంపెనీని 1994లో కొన్నది. గురువుగారి లాంగ్‌బ్రిడ్జి ఫ్యాక్టరీ శిష్యుని చేతికి వచ్చినదన్నమాట. నష్టాలు భరించలేక 2000లో పది పౌనుల నామమాత్రపు వెలకు దానిని వదిలించుకొన్నది. 'మినీ' అనే చిన్న కారును మాత్రము దగ్గర వుంచుకొన్నది.