యజమాని చూపులో లోపం: ‘ఫాల్టీ టవర్స్’, ‘అమృతం’, అండమాన్ హోటళ్లు

బీబీసీ టూ చానెల్‌లో 1975 సెప్టెంబరు 19న మొదలైన ‘ఫాల్టీ టవర్స్’ అంతా కలిపి 12 ఎపిసోడ్లే. 1975లో ఆరు వచ్చాయి, 1979లో మరో ఆరు. అయినా బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2000 సంవత్సరంలో ఆ దేశపు 100 ఉత్తమ టీవీ కార్యక్రమాలను ఎంపిక చేసినప్పుడు మొదటి స్థానం దీనికే దక్కింది. ఇంగ్లండ్ సముద్రతీర పట్టణం టార్కీలో సరిగా నడవని ఒక హోటల్, దాని యజమాని బేసిల్ ఫాల్టీ, భార్య సిబిల్, పరిచారిక పాలీ, స్పెయిన్ నుంచి వచ్చిన సర్వర్ మాన్యుయెల్... కథా సామగ్రి ఇంతే.

ఈ హాస్యం ఎక్కడి నుంచి పుడుతోందని అడిగితే చాలామంది మాన్యుయెల్‌నే చూపిస్తారు. అతనికి ఇంగ్లిష్ సరిగా రాదు, అందుకే నవ్వు వస్తుందంటారు. ఈ వ్యాసం ఆ అభిప్రాయంతో విభేదిస్తుంది. హోటల్ చెడిపోవడానికీ మనం నవ్వడానికీ మూలం ఒకటే, అది యజమాని ఎదుటి మనిషిని చూసే తీరు అన్నది ఇక్కడి ప్రతిపాదన. దీన్ని మూడు చోట్ల పరీక్షించవచ్చు: టార్కీలో, తెలుగు ధారావాహిక ‘అమృతం’లో, అండమాన్ దీవుల హోటళ్లు నడిచే పరిస్థితుల్లో.

టార్కీలో దొరికిన మనిషి

1970 మే నెలలో మాంటీ పైథాన్ నటబృందం చిత్రీకరణ పని మీద వెళ్లి టార్కీలోని గ్లెనీగల్స్ హోటల్లో దిగింది. యజమాని డోనల్డ్ సింక్లెయిర్ నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. బృందంలోని అమెరికన్ టెర్రీ గిలియం కత్తీ ఫోర్కూ పట్టుకునే పద్ధతిని ఆయన తప్పుపట్టాడు. ఎరిక్ ఐడిల్ సంచీలో బాంబుందేమోనన్న అనుమానంతో దాన్ని తీసుకెళ్లి బయట పెట్టించాడు. తక్కినవాళ్లు వేరే హోటల్‌కు మారిపోయారు. జాన్ క్లీజ్ మాత్రం కదల్లేదు, భార్య కోనీ బూత్ కూడా వచ్చి చేరింది. అక్కడ గమనించిన దాన్ని తర్వాత ఇద్దరూ కలిసి ధారావాహికగా రాశారు. ఆ చిత్రణ అన్యాయమని సింక్లెయిర్ కుటుంబం ఖండించింది. కాబట్టి బేసిల్‌ను ఒక నిజ జీవిత వ్యక్తికి నకలుగా కాక, ఒక రకం యజమానికి నమూనాగా చదవడమే న్యాయం.

ఆ రకం ఏమిటో మొదటి ఎపిసోడే తేటతెల్లం చేస్తుంది. పెద్ద కుటుంబాల వాళ్లు రావాలని బేసిల్ ఖరీదైన పత్రికలో ప్రకటన ఇస్తాడు. లార్డ్ మెల్బరీ అని చెప్పుకొని ఒకడు దిగగానే, బల్ల దగ్గర కూర్చున్న కుటుంబాన్ని లేపి మరీ అతనికి చోటిస్తాడు. లండన్ సామాన్యుల యాసలో మాట్లాడే మరో అతిథిని ఈసడిస్తాడు. తీరా చూస్తే ప్రభువు మోసగాడు, ఈసడింపుకు గురైనవాడు ఆ మోసగాడి కోసం మారువేషంలో వచ్చిన పోలీసు అధికారి. నాలుగో ఎపిసోడ్‌లోనూ ఇదే తప్పు: స్పూన్లు అమ్ముకునే వ్యాపారిని హోటల్ తనిఖీ అధికారి అనుకొని సేవలు చేస్తాడు. మనిషిని చూడకముందే హోదాను చూడటం బేసిల్ జబ్బు. వంట మాడినా, గది సిద్ధం కాకపోయినా, కారు మొరాయించినా వాటి వెనుక ఆ జబ్బే ఉంటుంది.

మాన్యుయెల్ మీద నిలబడని వాదం

మాన్యుయెల్ తొలి సన్నివేశం ప్రసిద్ధం. పళ్లేల మీద వెన్న ఎక్కువైందని బేసిల్ ఇంగ్లిష్‌లో చెబుతాడు. ఆ వాక్యం చివరి మాటలు మాన్యుయెల్ చెవికి స్పానిష్ అంకెల్లా వినిపిస్తాయి. లెక్క తప్పిందేమోనని అతను పాపం సరిదిద్దబోతాడు. ఇక్కడ తెలివితక్కువతనం ఎవరిది? మాన్యుయెల్ విన్నది తన భాషలో సబబే. అతన్ని ఎందుకు పనిలో పెట్టుకున్నారంటే తక్కువ జీతానికి వస్తాడని, నేర్చుకోవాలన్న ఆసక్తి ఉందని బేసిల్ తానే ఒప్పుకుంటాడు. చవకగా దొరికిన మనిషికి భాష నేర్పే ఓపిక లేక, చెంపదెబ్బతో సరిపెట్టే యజమాని మీదే చివరికి నవ్వు తేలుతుంది.

బయటి సాక్ష్యాలు కూడా ఈ వాదాన్నే బలపరుస్తాయి. స్పెయిన్‌లో స్పానిష్ డబ్బింగ్ చేసినప్పుడు మాన్యుయెల్‌ను ఇటలీవాడిగా మార్చారు. కాటలాన్ భాషలో అతను మెక్సికోవాడయ్యాడు. సర్వర్ సొంత ఊరు మారినా కథ చెక్కుచెదరలేదు. అమెరికాలో 1983లో వచ్చిన ‘అమాండాస్’ తద్విరుద్ధం. అక్కడ బేసిల్ పాత్రనే తీసేసి, అతని పనులన్నీ బీ ఆర్థర్ వేసిన యజమానురాలికి అప్పగించారు. ఆ ధారావాహిక కొన్నాళ్లకే ఆగిపోయింది. సర్వర్‌ను మార్చవచ్చు గానీ బేసిల్‌ను తీసేస్తే ఇల్లు నిలబడదని ఈ రెండు ప్రయత్నాలూ చెబుతున్నాయి.

మాన్యుయెల్‌గా నటించిన ఆండ్రూ సాక్స్ జీవితం కూడా గుర్తుంచుకోదగ్గది. ఆయన 1930లో బెర్లిన్‌లో పుట్టాడు. నాజీల హింస తప్పించుకొని 1938లో కుటుంబంతో ఇంగ్లండ్ చేరాడు. తెలియని భాషలో బతకడం నేర్చుకున్న శరణార్థి బాలుడే పెద్దయ్యాక ఆ సర్వర్ పాత్రకు ప్రాణం పోశాడు. మాన్యుయెల్ ముఖంలో కనిపించే బెదురు, మెప్పించాలన్న ఆరాటం ప్రేక్షకుల సానుభూతిని అతనివైపే నిలబెడతాయి.

అమృత విలాస్‌లో మారిన లెక్క

తెలుగులో ఈ కోవకు అతి దగ్గరి రచన గుణ్ణం గంగరాజు రూపొందించిన ‘అమృతం’. జెమినీ టీవీలో 2001 నవంబరు 18న మొదలై, సరిగ్గా ఆరేళ్ల తర్వాత 313 ఎపిసోడ్లతో ముగిసింది. అమృతం, ఆంజనేయులు (అంజి) అనే మిత్రులు హైదరాబాద్‌లో నడిపే భోజన హోటల్ అమృత విలాస్. అమృతంగా వేర్వేరు దశల్లో శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ నటించారు. అంజిగా మొదటి నుంచి చివరిదాకా గుండు హనుమంతరావే. 2018 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసినప్పుడు తెలుగు ప్రేక్షకులు తలచుకున్నది ముఖ్యంగా ఆ పాత్రనే.

బేసిల్ హోటల్‌కూ దీనికీ తేడాలు సూక్ష్మమైనవి. అమృత విలాస్ సర్వర్ సర్వం, వాసు ఇంటూరి పోషించిన పాత్ర, యజమానులు మాట్లాడే తెలుగే మాట్లాడతాడు. పరభాషవాడి మీద నవ్వు అక్కడ అవసరమే పడలేదు. ఇంగ్లండ్ తరహా కులీనుల హోదా కూడా లేదు. పైగా హోటల్‌కు యజమానులైన మిత్రులు ఇంటి దగ్గర మాత్రం అద్దెకున్నవాళ్లు. ఇంటి ఓనరు అప్పాజీ, అంటే శివన్నారాయణ, ఎదురుపడితే వాళ్ల దర్జా అక్కడితో సరి. బేసిల్ తనకన్నా పైవాళ్లను ఊహించుకొని వంగుతాడు. అమృతం, అంజి మాత్రం తాము ఇప్పటికే పైకి వచ్చేసినట్టు ఊహించుకొని బోర్లా పడతారు. రోజూ ఇడ్లీ దోసె సరిగా వండి వడ్డిస్తే చాలు, కానీ వాళ్ల మనసు ఎప్పుడూ త్వరగా డబ్బు తెచ్చే తర్వాతి ఉపాయం మీదే ఉంటుంది. బల్ల దగ్గర కూర్చున్న మనిషి కంటికి ఆనకపోవడం టార్కీలో అహంకారం వల్ల, అమృత విలాస్‌లో ఆశ వల్ల. ఫలితం ఒకటే.

సముద్రం దాటి వచ్చే కూరగాయలు

అండమాన్ దీవులు ఈ చర్చకు అసలైన గీటురాయి. హోదా జబ్బుకు అక్కడ పాత చరిత్రే ఉంది. 1858లో ఖైదీల స్థావరం ఏర్పడ్డాక బ్రిటిష్ పాలన రాస్ దీవి నుంచి సాగింది. ఖైదీల శ్రమతో చర్చి, బేకరీ, క్లబ్బులు వెలిశాయి. అధికారుల కోసం ఒక చోటు, కింది ఉద్యోగుల కోసం వేరే క్లబ్బు. బేసిల్ కలగన్న వర్గవిభజన అక్కడ కట్టడాల్లోనే ఉండేది. 1942లో జపాన్ ఆక్రమణతో ఆ పాలన కూలింది, భవనాలు ఇప్పుడు మర్రివేళ్ల మధ్య శిథిలాలు.

తర్వాత పెరిగిన సమాజం పూర్తిగా వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో బెంగాలీ మాతృభాష అయినవారు 28 శాతం, హిందీ 19, తమిళం 15, తెలుగు 13 శాతం. అంటే తెలుగువారు సుమారు 50 వేలమంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాయి. ఛోటానాగపూర్ నుంచి అడవి పనికి తెచ్చిన కుటుంబాలను దీవుల్లో ‘రాంచీ’వాళ్లంటారు. వీళ్లందరినీ కలిపేది హిందీయే, కానీ ఎక్కువమందికి అది అమ్మ దగ్గర నేర్చిన భాష కాదు, బజారులో నేర్చుకున్నది. ఇలాంటి చోట యజమానీ, వంటవాడూ, అతిథీ ముగ్గురూ పరాయి భాషలోనే మాట్లాడుకోవలసి రావచ్చు. ఒక్కడి ఉచ్చారణను పట్టుకొని నవ్వే హక్కు ఎవరికీ మిగలదు. మాన్యుయెల్ జోక్ నిలబడాలంటే ఇంటికి ఒకే భాష ఉండాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో అది సాధ్యం కాదు.

కొరత సంగతీ అంతే. ‘వాల్‌డార్ఫ్ సలాడ్’ ఎపిసోడ్‌లో ఆలస్యంగా వచ్చిన అతిథికి భోజనం పెట్టలేకపోవడం పూర్తిగా బేసిల్ తప్పు. వంటవాడిని ఉంచడానికి అతిథి ఇచ్చిన డబ్బు తీసుకొని, వంటవాడిని ఇంటికి పంపేస్తాడు. దీవుల్లో వంటింటికి అడ్డుపడే కారణాలు వేరు. చాలా సరుకు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ఓడల్లో రావాలి. కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. వానలు దండిగా కురిసినా, ఎండాకాలంలో పోర్ట్‌బ్లెయిర్ ధనిఖరి జలాశయం వైపు చూస్తూ నీటిని పొదుపు చేసుకోవాలి. 2016 డిసెంబరులో వాయుగుండం వల్ల పడవలు ఆగిపోయి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం రంగంలోకి దిగి వాళ్లను తీసుకురావలసి వచ్చింది.

ఇలాంటి నిజమైన కొరతలోనే యజమాని స్వభావం బయటపడుతుంది. ఉల్లిపాయలు రాలేదని ఉన్నమాట చెప్పి, ఉన్న చేపతో మంచి పులుసు వడ్డించేవాడు ఒకడు. సముద్రం మీద నెపం వేసి తన నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చేవాడు మరొకడు. హాస్య రచయితకు కావలసింది రెండోవాడు. కష్టపడే మొదటివాడిని నవ్వులపాలు చేస్తే అది హాస్యం కాదు, అన్యాయం.

ముగింపు

మూడు సందర్భాలను పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. టార్కీలో హోదా, పరభాష రెండూ ఉన్నాయి. అమృత విలాస్‌లో పరభాష లేదు, కులీనుల హోదా లేదు, అయినా నవ్వు తగ్గలేదు. అండమాన్‌లో ఎక్కువమందిదీ పరభాషే, కొరత నిజమైనది, అయినా నవ్వుకు చోటుంది. మూడింటికీ ఉమ్మడిగా మిగిలేది ఎదుటి మనిషిని చూడలేని యజమాని ఒక్కడే.

‘అమృతం’ పాత ఎపిసోడ్లు ఇప్పుడు యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్‌తో దీవుల తెలుగువారికి వాటిని చూడటం సులువైంది. దీవుల తెలుగు జీవితం మీద అలాంటి ధారావాహిక రాయడానికి ఇది తగిన కాలం. అందులో సర్వర్ శ్రీకాకుళం యాసనో, రాంచీ కుర్రాడి హిందీనో నవ్వుకు ముడిసరుకుగా వాడకూడదు. రచయిత ముందుగా ఓడల రాకపోకల వేళలు, నీటి పంపిణీ తీరు, జంగ్లీఘాట్ కుటుంబాలు వచ్చిన దారి తెలుసుకోవాలి. ఆ కుటుంబాల్లో మొదటి తరం వృద్ధుల మాటలను రికార్డు చేయడం తెలుగు టెలివిజన్, సాహిత్య పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని.