రేడియో 4తో ఒక గురువారం

2023 జనవరి. ఇంగ్లండ్‌లో ఒక మామూలు ఊరు, గురువారం. బయట చిమ్మచీకటి, తెల్లారడానికి ఇంకా రెండు గంటలకు పైనే ఉంది. కెటిల్‌లో నీళ్లు సలసలమంటున్నాయి. కిటికీ గట్టు మీదున్న రేడియో మీట నొక్కారు. సరిగ్గా 5.20. బీబీసీ రేడియో 4లో ఓడలకు వాతావరణ సూచన మొదలైంది.

ముందు పెనుగాలుల హెచ్చరికలు. తర్వాత, మొత్తం మీద వాతావరణం ఎలా ఉందో నాలుగు మాటలు. ఆపైన సముద్రం పేర్లు: వైకింగ్, నార్త్ ఉత్సీరా, సౌత్ ఉత్సీరా, ఫార్టీస్, క్రోమార్టీ, ఫోర్త్, టైన్, డాగర్... బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 భాగాలు చేసి, గడియారం ముల్లు తిరిగే దిక్కున ఒక చుట్టు చుట్టి వస్తారు. గాలి ఎటునుంచి, ఎంత జోరు, వాన పడుతుందా, కనుచూపు ఎంత దూరం ఆనుతుంది. ఇంతే. సుమారు 350 మాటల్లో అంతా ముగియాలి కనుక వాక్యాలకు క్రియలు కూడా ఉండవు. అవతల ఊగుతున్న పడవలో ఎవరో పెన్సిలు పట్టుకుని రాసుకుంటుంటారు. అందుకే చదివే గొంతు తొందరపడదు, సాగదీయదు. 198 కిలోహెర్ట్జ్ లాంగ్‌వేవ్ మీద ఆ గొంతు తీరం దాటి చాలా దూరం పోతుంది.

ఫిట్జ్‌రాయ్ అన్న పేరు వినబడింది కదా. 2002 దాకా ఆ భాగం పేరు ఫినిస్టెర్. బ్రిటన్ వాతావరణ శాఖకు పునాది వేసిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ గుర్తుగా మార్చారు. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకు కెప్టెన్ కూడా ఆయనే.

మీకు పడవ లేదు. ఈ ఊరికి సముద్రం దగ్గరా కాదు. అయినా ఈ చలిలో, ఈ చీకట్లో వలలు లాగుతున్నవాళ్లు ఉన్నారన్న సంగతి మీ వంటింట్లోకి వచ్చింది. ఈ రోజు పొడుగునా జరగబోయేది ఇదే: మనకోసం కాని మాట మన చెవిన పడుతుంది.

5.45కి రైతుల కార్యక్రమం, ఫార్మింగ్ టుడే. పావుగంటలో పాల ధర, గొర్రెల జబ్బులు, పొలంలో పనికి మనుషులు దొరకకపోవడం. టీ చేతిలో ఉంది. అందులో పోసిన పాల వెనక ఎంత లెక్క ఉందో ఇప్పుడే తెలుస్తోంది.

ఆరవుతోంది. ఐదు పొట్టి కూతలు, చివర ఒక పొడుగు కూత. ఆ ఆరో కూత మొదలైన క్షణమే ఆరు గంటలు. 1924 ఫిబ్రవరి 5 నుంచి దేశం గడియారాలు సరిచేసుకుంటున్నది ఈ కూతలతోనే. వెంటనే 1957లో పుట్టిన వార్తల కార్యక్రమం, టుడే. తొమ్మిది దాకా అదే. ఎనిమిది కొట్టకముందు మూడు నిమిషాలు ఒక మతబోధకుడికి ఇస్తారు: ఒకరోజు క్రైస్తవ బిషప్, ఇంకోరోజు యూదు రబ్బీ, మరోరోజు సిక్కు. 8.10 ప్రాంతంలో అసలు ఇంటర్వ్యూ. మంత్రి జవాబు దాటేస్తే అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. అప్పుడూ దాటేస్తే మూడోసారి. తప్పించుకుంటున్న గొంతు రేడియోలో ఇట్టే దొరికిపోతుంది, ఎందుకంటే అక్కడ చూడటానికి ఇంకేమీ లేదు.

తొమ్మిదికి ఇన్ అవర్ టైమ్. 1998 నుంచి 2025 దాకా మెల్విన్ బ్రాగ్ నడిపారు. ముగ్గురు యూనివర్సిటీ అధ్యాపకులు, ఒక్క విషయం, ముప్పావుగంట. ఒక వారం గ్రీకు తత్వవేత్త, ఒక వారం పరమాణువు లోపలి కణం, ఒక వారం మరిచిపోయిన యుద్ధం. బ్రాగ్ చనువుగా అడ్డుపడి, కొంచెం వెనక్కి వెళ్లి మొదటినుంచి చెప్పమనేవారు. వినేవాడికి తెలియదనుకోవడం వేరు, అర్థం కాదనుకోవడం వేరు. ఇక్కడ రెండోది ఎవరూ అనుకోరు.

పదికి ఉమన్స్ అవర్. 1946లో మొదలైనప్పుడు దీనికి వ్యాఖ్యాత ఒక మగవాడు, అలన్ ఐవిమీ. ఇప్పుడు అది ఊహకందని సంగతి. మెనోపాజ్, పిల్లల సంరక్షణ ఖర్చు, కోర్టులో తల్లుల కష్టాలు, ఆడవాళ్ల ఫుట్‌బాల్, అన్నీ ఒకే గంటలో, ఒకే గొంతు స్థాయిలో నడుస్తాయి. వీధి చివర వ్యాన్ నడిపే మగవాడూ ఇది వింటాడు. వినాలని పెట్టుకుని కాదు, రేడియో ఆపలేదు కాబట్టి.

ఒంటిగంటకు వార్తల కార్యక్రమం, రెండుంబావుకి ముప్పావుగంట నాటకం, ఐదుకి మళ్లీ వార్తలు. చీకటి పడిపోయింది. ఆరింటికి అరగంట వార్తలు, ఆ వెంటనే అరగంట హాస్యం.

ఏడుకి ద ఆర్చర్స్ సంగీతం రాగానే రేడియో దగ్గరికి జరగండి. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత పల్లె కథ ఇది. 1951 జనవరి 1న దేశమంతటికీ ప్రసారం మొదలైంది. అప్పటికింకా తిండికి రేషన్, పంట పెరగాలి. రైతులకు కొత్త పద్ధతులు కథలో కలిపి చెప్పాలని గాడ్‌ఫ్రీ బేస్లీ తలపెట్టారు. ఆకాశవాణి పాడిపంటలు విన్న మన ఇళ్లకు ఈ ఉద్దేశం పరిచయమే. ఇప్పుడు రైతులకు పాఠాలు లేవు గానీ, పల్లె ఉంది, పాడి ఉంది, తగాదాలున్నాయి.

దొడ్డి గేటు కిర్రుమంది. అది గేటు కాదు, బర్మింగ్‌హామ్ స్టూడియోలో పాత ఇస్త్రీ బల్ల. గడ్డిలో నడక వినిపిస్తే, అది విప్పి పోసిన పాత టేపు. గొర్రె ఈనుతుంటే తడి తువాలు, కాస్త పెరుగు. ఇది తెలిశాక కూడా, పిల్ల కింద పడ్డ చప్పుడుకి మీరు ఊపిరి బిగబట్టారు.

పదికి ప్రపంచ వార్తలు. 10.45కి పావుగంటసేపు ఒక నవల చదువుతారు. 11.30కి పార్లమెంటులో ఆ రోజు ఎవరేమన్నారో. ఇంకాసేపటికి సముద్రం పేర్లు మళ్లీ వస్తాయి, కానీ మీరు పడుకోవచ్చు.

రోజంతా ఒక్క ప్రకటన లేదు. 1967 సెప్టెంబరు 30న బీబీసీ పాత హోమ్ సర్వీస్ స్థానంలో ఈ స్టేషన్ వచ్చినప్పుడు రేడియోకి లైసెన్సు ఉండేది. 1971లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు టీవీ ఉన్న ఇళ్లు కట్టే రుసుము మీద ఇది నడుస్తోంది. టీవీ లేనివాడు పైసా కట్టకుండా ఇదంతా వింటాడు.

ఇవాళ ఎవరికి నచ్చింది వాళ్లు ఏరుకుని వినే సదుపాయం ఉంది. మంచిదే. కానీ ఏరుకున్నదే వింటే జాలరి గాలి లెక్క ఉద్యోగికి, పాల ధర పట్నవాసికి, తల్లి కష్టం వ్యాన్ డ్రైవర్‌కి చేరే దారి ఏది? ఇలాంటి స్టేషన్‌కి ప్రజల డబ్బు దండగ అనే వాళ్లు ఈ చేరవేతకు కూడా వెల కట్టి చూపాలి. విజయవాడ, విశాఖ, హైదరాబాద్ ఆకాశవాణి కేంద్రాల గురించి మాట వచ్చినప్పుడు మనం అడగాల్సిందీ అదే: ఎంతమంది విన్నారని మాత్రమే కాదు, ఎవరి సంగతి ఎవరికి చేరిందని.