గూడ్సు బండి తోపు, గెలాక్సీల లెక్క

బిలాస్‌పూర్ స్టేషన్‌లో బొగ్గు గూడ్సు ఆగకుండా దూసుకుపోతుంటే ప్లాట్‌ఫాం మీద గాలి ఒక్క తోపు తోస్తుంది. భుజం మీది తువ్వాలు లేస్తుంది, చేతిలో టీ తొణుకుతుంది. మనం అడుగు తీసి అడుగు వేసేలోపే బండి వెళ్ళిపోతుంది. ఇక్కడి రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగు పిల్లలకి ఈ తోపు కొత్తేమీ కాదు. ఇంచుమించు ఇలాంటి లెక్కనే గెలాక్సీల మీద కట్టి చూపాడు ఒక హైదరాబాదీ.

ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రవేత్త సాలె మహమ్మద్ అల్లాదిన్. రెండు గెలాక్సీలు ఢీకొంటే నక్షత్రాలు ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోతాయని, దెబ్బ తగిలేది వాయువుకేనని 1951లో ఖగోళ శాస్త్రవేత్తలు స్పిట్జర్, బాడే రాశారు. మరి గురుత్వాకర్షణ ఊరుకుంటుందా? 1965లో అమెరికా పత్రిక ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో అచ్చయిన వ్యాసంలో అల్లాదిన్ తేల్చింది అదే. వచ్చే గెలాక్సీ ఎంత వేగంగా పోతుందంటే, ఈలోగా ఇవతలి గెలాక్సీ నక్షత్రాలు కదలనే లేదనుకోవచ్చు. ఒక్కొక్క నక్షత్రానికి ఎంత తోపు తగిలిందో లెక్కేసి కూడితే చాలు. వేగం రెట్టింపైతే చేరే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. నెమ్మదిగా వచ్చే గెలాక్సీయే ఎక్కువ కుదుపుతుందన్నమాట!

అంతకు ముందే, 1941లో, స్వీడన్‌లో హోల్మ్‌బెర్గ్ అనే ఖగోళ శాస్త్రవేత్త కంప్యూటర్ లేకుండానే గెలాక్సీలు ఢీకొనే ఈ ఆట ఆడాడు. బల్ల మీద 74 విద్యుద్దీపాలు పేర్చాడు, గెలాక్సీకి 37 చొప్పున. దూరం పెరిగేకొద్దీ వెలుగూ ఆకర్షణా ఒకే పద్ధతిలో తగ్గుతాయి కదా! ఒక్కో దీపం చోట వెలుగు కొలిచి, అదే లాగుడుబలం అనుకుని, దీపాల్ని చేత్తో జరుపుతూ పోయాడు. ఈ ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఢీకొనే సంగతి అలా ఉంచి, గెలాక్సీ తనలో తాను తిరిగే లెక్క చూద్దాం. 1970లో ఖగోళ శాస్త్రవేత్తలు వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రొమెడా గెలాక్సీ తిరిగే వేగాలు కొలిచారు. సూర్యుడి చుట్టూ భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పోతుంటే, దూరంగా ఉన్న నెప్ట్యూన్‌ది అయిదు చిల్లరే. గెలాక్సీ అంచునా వేగం అలాగే తగ్గాలి. తగ్గలేదు. అంటే కనపడనిదేదో అక్కడ లాగుతోంది. 1973లో ఆస్ట్రైకర్, పీబుల్స్ అనే శాస్త్రవేత్తలు నక్షత్రాల బదులు కొన్ని వందల చుక్కలతో కంప్యూటర్‌లో పళ్ళెంలాంటి గెలాక్సీని తిప్పితే అది నిలవక కడ్డీలా సాగిపోయింది. చుట్టూ కనపడని పదార్థపు గుండ్రటి బరువు పెడితే కుదురుకుంది.

ఇప్పుడు గెలాక్సీ తిరిగే వేగాల లెక్క రైల్వే క్వార్టర్‌లోని పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. కనిపించే నక్షత్రాల బరువే పెడితే తెర మీది వేగాల గీత అంచుకు వెళ్ళేసరికి వాలిపోతుంది. దూరంతోపాటు పెరిగే కనపడని బరువును కలిపితే గీత రైలు పట్టాలా చదునుగా సాగుతుంది.